ఎమ్మెట్ రూప్ ఏ పార్టీ?

ఎమ్మెట్ రూప్‌ది ఎప్పుడూ అవతలి పార్టీయే. ఎవరికి అవతల అంటే, ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళకి. రిపబ్లికన్ కనిపిస్తే డెమోక్రాట్ అయిపోతాడు. డెమోక్రాట్ కనిపిస్తే రిపబ్లికన్ అయిపోతాడు. ఇలా మారడానికి అతనికి పట్టే సమయం, మార్జ్ హోటల్లో ఒక బల్ల దగ్గర లేచి ఇంకో బల్ల దగ్గర కూర్చునేంత.

పొద్దున్నే కిటికీ పక్క బల్ల రైతులది, అంతా రిపబ్లికన్లు. అక్కడ పన్నులు ఇంకా పెంచాలంటాడు. నలభై ఏళ్ళు పందుల సంతలో వేలం వేసిన గొంతు కాబట్టి ఆ మాట పెట్రోలు బంకు దాకా వినిపిస్తుంది. రైతులు టోపీలు తీసి బల్లకేసి కొడతారు. ఎమ్మెట్ కాఫీ కప్పు పట్టుకుని వెనక బల్లకి వెళతాడు. అక్కడ బడి పంతుళ్ళు ఉంటారు, అంతా డెమోక్రాట్లు. "అసలు పన్నులెందుకయ్యా కట్టడం?" అని మొదలుపెడతాడు.

"ఇప్పుడే కదా అక్కడ పెంచమన్నావు?" అని ఒకసారి ఒక పంతులు నిలదీశాడు.

"అది అక్కడ. ఇక్కడ ఆ మాట అనడానికి మీరంతా ఉన్నారుగా. నేనూ అంటే విసుగు పుట్టదూ?"

ఊళ్ళో రెండు సెలూన్లున్నాయి, పార్టీకొకటి. ఒకసారి సగం క్షవరం అయ్యేసరికి మొదటి సెలూన్‌వాడు కత్తెర కిందపెట్టి బయటికి గెంటాడు. ఎమ్మెట్ మిగతా సగం కోసం రెండోదానికి వెళ్ళాడు. అక్కడ తువ్వాలు మెడకి చుట్టకముందే గెంటేశారు. ఆ వారం చర్చిలో కూడా టోపీ తియ్యలేదు.

ఎన్నికలొస్తే మా ఊరు కార్వర్స్ మిల్‌లో ప్రతి ఇంటి ముంగిటా పార్టీ బోర్డులు మొలుస్తాయి. ఎమ్మెట్ ఒక్కటే పాతుతాడు. దానికి రెండు ముఖాలు. ఎడమ పక్క ఇంటివాళ్ళకి ఏ పార్టీ గిట్టదో అది వాళ్ళ వైపు, కుడి పక్కవాళ్ళకి గిట్టనిది వాళ్ళ వైపు. వీధిలోంచి చూస్తే సన్నటి అంచు తప్ప ఏమీ కనిపించదు.

ఇన్ని చేసినా అతని బల్ల దగ్గర కుర్చీ ఖాళీ ఉండదు. నాకు కడుపుమంట అక్కడే. ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి పేపరుకి ఎడిటర్ని. రెండు వైపులా న్యాయంగా రాశాను. రెండు వైపులవాళ్ళూ చందా మానేశారు. అతను రెండు వైపులా దులిపేస్తాడు; రెండు వైపులవాళ్ళూ కాఫీ పోయిస్తారు. నేను హోటల్లోకి వెళితే "నమస్కారం ఎడిటర్ గారూ" అంటారు, అంతే. అతను వెళితే "వచ్చాడ్రా వెధవ!" అని కుర్చీ లాగుతారు. నన్ను ఆ మాట అన్న పాపాన ఎవడూ పోలేదు.

ఒకనాడు హోటల్ యజమానురాలు మార్జ్ దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను.

"మీరు చదివిస్తారు, ఆయన అరిపిస్తాడు," అంది ఆవిడ కౌంటరు తుడుస్తూ. "ఇక్కడ అరిచి వెళ్ళినవాళ్ళు ఇంటికెళ్ళి పెళ్ళాం మీద అరవరు. మా ఆయన సంగతి నాకు తెలుసుగా."

"అంటే నా సంపాదకీయాలు చదివినవాళ్ళు అరుస్తారా?"

"నిద్రపోతారు," అంది.

ఇంక డోరీన్ హక్, ఫిలిస్ ట్రోయర్ సంగతి. పక్కపక్క ఇళ్ళు. మధ్య కంచె లేదు. ఇద్దరికీ కలిపి గడ్డి కోసే యంత్రం ఒక్కటే. డోరీన్ రిపబ్లికన్, ఫిలిస్ డెమోక్రాట్. మా దగ్గర ప్రతి పోలింగు కేంద్రంలోనూ రెండు పార్టీల మనుషులూ ఉండాలి కాబట్టి, ఫైర్ స్టేషన్ హాల్లో ఏళ్ళ తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నది వీళ్ళే. పోలింగు అయ్యాక ఓట్ల సంచీకి సీలు వేసి, ఇద్దరూ ఒకే కారులో జిల్లా ఆఫీసుకి తీసుకెళ్ళాలి. సంచీ ఏ ఒక్క పార్టీ చేతిలోనూ ఒంటరిగా ఉండకూడదన్నది నియమం. వీళ్ళకి మాత్రం అదొక షికారు. ఫిలిస్ కారు తోలేది, డోరీన్ బిస్కెట్లు అందించేది.

ఆ వేసవిలో అది చెడింది. టీవీలో ఏదో చర్చ చూసి, పెరట్లో నిలబడి ఒకావిడ "దేశాన్ని అమ్మేస్తున్నారు మీవాళ్ళు" అంది. రెండో ఆవిడ "కొంటున్నది మీవాళ్ళేగా" అంది. మర్నాటికి రెండు ఇళ్ళ మధ్యా బోర్డుల కంచె లేచింది. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది, ఎందుకంటే యంత్రం ఒకరి దగ్గర, దాని తాళంచెవి ఇంకొకరి దగ్గర. నేను సామరస్యం మీద వరసగా మూడు సంపాదకీయాలు రాశాను. మూడూ డోరీన్ పిల్లి కింద పరుపయ్యాయి.

ఎన్నికల రోజు ఇద్దరూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. పోలింగు ముగిసింది. సంచీకి సీలు పడింది. వార్త కోసం నేనక్కడే ఉన్నాను.

"నేను నా కారులో వస్తాను," అంది డోరీన్ నాతో, గోడవైపు చూస్తూ. "చెప్పండి ఆవిడకి."

"సంచీ నా కారులో ఉంటుందని చెప్పండి ఆవిడకి," అంది ఫిలిస్.

"ఒంటరిగానా?" అంది డోరీన్. "దారిలో ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?"

ఆ మాట పడగానే ఫిలిస్ మొహం పాలిపోయింది. సంచీకి చెరొక పిడీ పట్టుకుని నిలబడ్డారు. "ఇదే ఆఖరు. వచ్చే ఏడాది నుంచి ఈ బల్ల దగ్గర నేను కూర్చోను," అంది ఫిలిస్ మెల్లగా. వాళ్ళిద్దరి మధ్యా మిగిలింది ఆ బల్ల ఒక్కటే. అదీ పోతే ఒక ఊళ్ళో ఇద్దరు పరాయివాళ్ళు, అంతే.

నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మా, ప్రజాస్వామ్యం అంటే ఏమిటంటే..."

"మీరాగండి!" అన్నారిద్దరూ.

అప్పుడు గుమ్మంలోంచి పందుల సంత గొంతు వినిపించింది. "నాకు ముందే తెలుసు!"

ఎమ్మెట్. నాకు కుతూహలం పుట్టింది. ఎప్పుడూ ఒక బల్ల దగ్గర ఒక పార్టీ. ఇప్పుడు రెండు పార్టీలూ ఒకే సంచీ పట్టుకుని ఎదురుగా ఉన్నాయి. ఏ పక్కకి దూకుతాడు?

"కుమ్మక్కయ్యారు!" అన్నాడు వేలు చూపిస్తూ. "ఇద్దరూ కుమ్మక్కయ్యారు!"

"ఎవరం?" అంది డోరీన్.

"మీరిద్దరూనూ! వేసవి నుంచీ మాటల్లేనట్టు నాటకం. జనం నమ్మితే సంచీలో ఏం చేసినా అడిగేవాడుండడు. నేను మాత్రం నమ్మను."

"నాటకమా? దీంతోనా?" అంది ఫిలిస్. "దీని మొహం చూసి నాలుగు నెలలైంది!"

"బాగా బట్టీ పట్టావు. రాసిచ్చింది డోరీనేనా?"

"ఒరేయ్ ఎమ్మెట్!" డోరీన్ ఒక అడుగు ముందుకేసింది. సంచీ వదల్లేదు కాబట్టి ఫిలిస్ కూడా ముందుకొచ్చింది. "దీనిమీద నాకు వంద కోపాలున్నాయి. కానీ ఫిలిస్ ట్రోయర్ ఒక్క ఓటు అటూ ఇటూ చేస్తుందని ఎవడైనా అంటే పళ్ళు రాలగొడతాను."

"ఇప్పుడే అన్నావుగా, దారిలో ఏం చేస్తుందో అని?"

"నేనంటాను! నువ్వెవడివి అనడానికి?"

ఫిలిస్ ఆవిడకేసి చూసింది. నాలుగు నెలల్లో మొదటిసారి. తర్వాత ఎమ్మెట్ మీద విరుచుకుపడింది. "డోరీన్ లెక్కపెట్టిన ఓట్లు మళ్ళీ లెక్కపెట్టాల్సిన పని ఏనాడైనా పడిందా? పందులు లెక్కపెట్టుకునేవాడివి, నీకేం తెలుసు!"

"చూశారా ఎడిటరూ? ఒకళ్ళనొకళ్ళు ఎలా వెనకేసుకొస్తున్నారో!"

"పదవే ఫిలిస్," అంది డోరీన్. "కారు తియ్యి. ఇంకో నిమిషం ఇక్కడుంటే ఈ ముసలాణ్ణి ఏదో ఒకటి చేస్తాను."

కారు తలుపులు ధడేల్మని పడ్డాయి. కారు మలుపు తిరిగేదాకా లోపల ఇద్దరి చేతులూ గాల్లో ఊగుతూనే ఉన్నాయి.

"ఏమంటున్నారోయ్?" అన్నాడు ఎమ్మెట్. అతనికి దూరం సరిగ్గా కనిపించదు.

"నిన్ను తిడుతున్నారు."

"ఇద్దరూనా?"

"ఒకళ్ళ మాట పూర్తికాకుండానే రెండోవాళ్ళు అందుకుంటున్నారు."

అతను తలూపి, చలికి కోటు బిగించుకున్నాడు. "మంచి పని చేశావయ్యా," అన్నాను, ఇష్టం లేకపోయినా.

"ఏం మంచి? తప్పుడు నింద వేశాను. నీకు బుద్ధుందా?" అని నాతో దెబ్బలాటకి దిగాడు.

మర్నాడు ఇద్దరూ నా ఆఫీసుకొచ్చారు, ఒకే కారులో. పేపర్లో ఎమ్మెట్ మీద ప్రకటన వేయాలన్నారు.

"మూర్ఖుడు అని రాయండి," అంది డోరీన్.

"అది చాలదే. ముదిరిన మూర్ఖుడు."

"ముదిరిన అబద్ధాలకోరు అందాం. మూర్ఖుడంటే జాలి పడతారు."

"అవును, అది బాగుంది. నీకు మొదట్నుంచీ మాట పొందిక ఎక్కువ," అంది ఫిలిస్. డోరీన్ సిగ్గుపడింది.

నాకు తెలిసి, రెండు పార్టీలవాళ్ళూ కలిసి సంతకం పెట్టిన ప్రకటన మా ఊళ్ళో అదే మొదటిది. తిట్టు పడ్డవాడికి ముందుగా చూపించడం మా పేపరు పద్ధతి. ఎమ్మెట్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"కావాలంటే కాస్త మెత్తగా దిద్దుతాను," అన్నాను.

"ఒక్క మాట ముట్టుకున్నావంటే ఊరుకోను. మొదటి పేజీలో వెయ్యి, పెద్దక్షరాల్లో. ఇదిగో, వాళ్ళ పేర్లు పక్కపక్కన వెయ్యి. ఒకళ్ళ కింద ఒకళ్ళవి వేశావో, మళ్ళీ మొదలవుతుంది."

పక్కపక్కనే వేశాను. ముప్పై ఏళ్ళలో నా రాత ఒక్క ముక్కయినా ఎవరూ కత్తిరించి దాచుకోగా చూడలేదు. ఆ ప్రకటన మాత్రం మా ఊళ్ళో మూడు ఫ్రిజ్ తలుపుల మీద ఇప్పటికీ అంటించి ఉంది. ఒకటి డోరీన్‌ది, ఒకటి ఫిలిస్‌ది. మూడోది ఎమ్మెట్‌ది.