చంద్రలోకపు రాణి, చివ్వెంల బస్సు

ఆ రోజుల్లో నాకు భవిష్యత్తంటే తెగ పిచ్చి. నా భవిష్యత్తు కాదు, రెండు వందల ఏళ్ల తర్వాతి లోకానిది. (నా సంగతి మిర్యాలగూడలో మా నాయన ఎప్పుడో తేల్చేశాడు: "డిగ్రీ అయినంక ఇగ మిల్లుల కూసో.") సూర్యాపేటలో కిరాయి గదిలో ఉండి చదువుకుంటూ, కాలేజీ వార్షికోత్సవానికి ఒక నాటకం రాశాను. ఆడవాళ్లంతా చంద్రుడి మీద రాజ్యం పెట్టుకుంటారు, భూమ్మీది మగవాళ్లతో యుద్ధం వస్తుంది, చివరికి వాళ్ల రాణి మగ సేనాపతి కాళ్ల దగ్గర కత్తి పెట్టేస్తుంది. సేనాపతిని నేనే. ఇది పండితే రచయితనవుతానని నాయనతో గట్టిగా చెప్పొచ్చని నా ఆశ.

రాణి వేషం వేసిన అమ్మాయిది కోదాడ. అందరం ఆమెను ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. రిహార్సల్ మొదటి రోజే అడ్డం తిరిగింది. "మేమెందుకు ఓడిపోతామో ఎక్కడా రాయలేదేంటి?"

"మొగోళ్లం గెలవాలె గదా, గందుకే," అన్నాను.

"సరేలే, స్టేజీ మీద చూద్దాం," అంది. ఆ మాటతో నాకు కంటి మీద కునుకు కరువైంది.

వార్షికోత్సవం సాయంత్రం ముఖ్య అతిథి ఎంతకీ మైకు వదల్లేదు. తెర వెనక నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నా సైన్యం నాకంటే ఎక్కువ కంగారు పడుతుంటే, నాటకం మీద వాళ్లకెంత ప్రేమో అని ముచ్చటేసింది కూడా. ఎలాగో తెర లేచింది. యుద్ధం సగంలో ఉండగా నా ఉపసేనాపతి చెవిలో, "అన్నా, చివ్వెంల దిక్కు ఆఖరి బస్సు టైమైంది. పోయిందంటే ఇగ రాత్రంత గీడనే," అన్నాడు. నేను ఏరికోరి తెచ్చుకున్న సైనికులంతా ఆ దారి ఊళ్లవాళ్లేనని అప్పుడు వెలిగింది. "జర ఆగుండ్రిరా, గెలిచి పోదురు!" అని బతిమాలాను. "డ్రైవర్ ఆగడన్నా," అంటూ అట్ట కత్తులతోనే ఒక్కొక్కడూ జారుకున్నాడు.

ఆడసేనంతా హాస్టల్ వాళ్లు, ఒక్కరూ కదల్లేదు. నేనొక్కణ్నే మిగిలాను. కోదాడ నా ముఖం చూసి మెల్లగా, "ఏం సేనాపతీ, లొంగిపోతారా?" అంది. ఇంకేం చేస్తాను, కత్తి తీసి ఆమె కాళ్ల దగ్గర పెట్టేశాను. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

మా తెలుగు సారు పరుగున వచ్చాడు. "ఏం రాసినవ్ రా! యుద్ధం ఎందుకో తెల్వక మొగోళ్లు ఒక్కొక్కలే ఇడిసిపెట్టి పోవుడు! గింత లోతుగ ఆలోచిస్తవనుకోలే!"

నిజం చెబుదామని నోరు తెరిచేలోపే కోదాడ అందుకుంది. "అవును సార్, ఆ చివరి సీను కోసం చాలా కష్టపడ్డాడు." ఆ అమాయకపు ముఖం చూస్తే ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి నాయన మాటే నెగ్గింది. వడ్ల లారీలు రాని పూట మిల్లులో కూర్చుని ఇప్పటికీ ఆడామగా యుద్ధాల కథలు రాస్తుంటాను, ఏ పత్రికా వేసుకోదు. తిరిగొచ్చిన కథను సొరుగులో పెట్టేటప్పుడల్లా నవ్వొస్తుంది. నేను రచయితనని ఈ లోకంలో నాకోసం అబద్ధమాడింది ఒక్కరే, అదీ శత్రుదేశపు రాణి.