చివరి చుక్క దగ్గర వేసిన కోత

ఈ సంగతి రాసి ఉంచడం నా విధి. నేనిచ్చిన ఒక పట్టిక ఏదీ తేల్చకపోవడంతో మా మరదలు తన పొలం కాగితాలను ముక్కూ మొహం తెలియని చోటికి పంపబోయింది. పట్టికలో వరుసలన్నీ తీరుగానే ఉన్నాయి. తప్పు నా ఆలోచనలో ఉంది.

ఆమెకు ఆగిరిపల్లి దగ్గర మామిడి తోట ఉంది. ఎగుమతి చేయాలంటే తోటను ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేయించాలని విని, తోటి రైతులు ఫోనులో పంపిన చిరునామాలన్నీ పోగుచేసింది. నలభైకి పైగా తేలాయి. "వీటిలో సర్కారువేవో, వ్యాపారులవేవో విడదీసి పెట్టండి బావగారూ. రేపు పాస్‌బుక్కు, ఆధార్ ఎక్కించాలి" అని నాకు అప్పగించింది.

లెక్కల మాస్టరుగా పదవీ విరమణ చేశాక పైథాన్ అనే కంప్యూటరు భాష కొంత నేర్చుకున్నాను. ప్రతి చిరునామాలోనూ చివరి చుక్క తర్వాతి ముక్కను తీస్తే దాని కోవ తెలుస్తుందనుకున్నాను. ఏటవాలు గీతల (స్లాష్‌ల) ముందూ వెనుకా ఉన్నవి తొలగించి, మిగిలినదాన్ని చుక్కల దగ్గర విరిచి, ఆఖరి ముక్కను ఇమ్మని నాలుగు వరుసల కోడు రాశాను. క్షణంలో పట్టిక వచ్చింది. దాదాపు అన్నింటి ఎదుటా ఇండియాను సూచించే 'ఇన్' అనే ఉంది. ప్రింటు తీసి పంపాను.

మర్నాడు ఉదయం తోటకు వెళ్లేసరికి ఆమె పాకలో కూర్చుని పాస్‌బుక్కు ఫొటో తీస్తోంది. బయట కాయ కోత సాగుతోంది.

"అన్నీ 'ఇన్' అని రాశారు. ఇంక విడదీసిందేంటండీ? పేరులో 'గవ్' అని ఉందని నేనే ఒకటి ఎంచుకున్నాను."

"నియమం ప్రకారమే చేశాను. చివరి చుక్క దగ్గర కోశాను."

"బడిలో అయితే సరిపోయేదేమో. మా వాళ్లు కాయను మొదలంటా కోస్తే నేనూరుకోను, సొన కారి తొక్క నల్లబడుతుంది. నాలుగు వేళ్ల తొడిమ ఉంచి కోయాలి. మీ చిరునామాకి తొడిమ ఎంతుందో చూశారా అసలు?"

నేను చూడలేదు. "అరగంట ఏమీ పంపకు" అని చెప్పి లాప్‌టాపు తెరిచాను.

చిరునామా చివరుండే తోక పొడవు అన్నింటికీ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. కొన్నింటికి 'ఇన్' మాత్రమే తోక. కొన్ని కంపెనీలకు 'కో.ఇన్', ప్రభుత్వానికి 'గవ్.ఇన్' మొత్తం కలిసి ఒకే తోక. చుక్కలు లెక్కపెట్టి దీన్ని పట్టుకునే సూత్రం లేదు. ఎవరో కొందరు స్వచ్ఛందంగా సరిచూస్తూ నిలుపుకొస్తున్న, ఇలాంటి తోకల పెద్ద జాబితా మాత్రం ఉంది. ప్రతిదానికీ సూత్రం ఉంటుందని జీవితమంతా బోధించిన నాకు, ఇంటర్నెట్టంత పెద్ద ఏర్పాటు ఒక జాబితా మీద నడవడం వింతగా తోచింది. చిరునామా చివరతో సరిపోయేవాటిలో అతి పొడవైనదాన్ని జాబితా నుంచి ఎంచమని కోడు మార్చాను.

ఆమె ఎంచుకున్న చిరునామా ఎదుట ఉత్త 'ఇన్' వచ్చింది. అందులో 'గవ్' ముందు ఉన్నది చుక్క కాదు, అడ్డగీత. అలాంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ప్రభుత్వ శాఖలకే ఇచ్చే 'గవ్.ఇన్' తోక మూడింటికే ఉంది.

ఆమె ఫోను పక్కన పెట్టింది. ఆ మూడూ కాగితం మీద రాసుకుని, నూజివీడులో ఉద్యాన అధికారిని అడిగి, ఆయన చూపినదానిలోనే మధ్యాహ్నం నమోదు చేసుకుంది.

తెలుగు లిపిలో 'భారత్' అని ముగిసే చిరునామాలూ ఉన్నాయట. అవి ఆ జాబితాలో ఏ రూపంలో ఉంటాయో నాకింకా బోధపడలేదు. నా కోడు వాటి దగ్గర మళ్లీ తప్పు కోత కోస్తుందేమో. తెలిసినవారు ఇందులోని పొరపాట్లను మొహమాటపడకుండా ఎత్తిచూపవలసిందిగా కోరుతున్నాను. మా మరదలు సరిచేసిన పట్టికను ఇప్పుడు పక్క తోటలవారికి కూడా ఇస్తోంది.