నిండుకున్న ఇళ్లు

ధనరాజ్ నోరు మూయించగలిగిన మనిషిని నేను ఒక్క కృపాజ్యోతినే చూశాను. ఆయన మా సేవా సంఘానికి చేవెళ్ల గోదాము పెద్ద. మంచం పట్టినవాళ్ల ఇళ్లకు బియ్యం పోవాలంటే ఆయన చిట్టీ రాయాలి. జీతం లేకుండా ఇల్లిల్లూ తిరిగే మేము ఆ చిట్టీ కోసం ఎండలో పడిగాపులు కాసేవాళ్లం. సంఘం పనంతా ఫోన్లలోకి మార్చడానికి వచ్చిన కృపాజ్యోతి అది చూసింది.

"అన్నా, నువ్వు నీడల కూసోని సంతకం పెడ్తవు, వీళ్లు ఎండల కూసోని ఎదురుచూస్తరు. జర జాగలు మార్సుకుంటరా?"

ముసలోళ్లకు ఫోన్లేం తెలుస్తాయని ఆయన వెక్కిరించాడు. ఆమె ఫోను నా చేతికిచ్చింది. ఆయన కళ్ల ముందే నొక్కి చూపించాను. చిట్టీల పెత్తనం ఆ రోజుతో సరి.

ఆమె మొయినాబాద్ పిల్లే. తల్లి ప్రేమమ్మ మంచాన పడ్డప్పుడు మా ఆడవాళ్లే కడిగి తినిపించారు. అది మరచిపోలేక చందనవెల్లిలో డేటా సెంటర్ నౌకరీ వదిలి మా సంఘంలోకి వచ్చింది.

ఫోనులో ప్రతి ఇంటికీ ఒక ప్రశ్న ఉంటుంది. బియ్యం నిండుగా ఉన్నాయా, సగమా, లేవా? గింజ లేకపోయినా 'లేవు' అనే ఆడది మా వైపు ఉందా? నిండుకున్నాయంటాం. అందుకే గింజ లేని ఇంటికల్లా 'నిండు' నొక్కాం. పట్నం ఆఫీసు తెర మీద మా ఊళ్లన్నీ పచ్చగా మెరిశాయట. వాళ్లు మురిసిపోయి బియ్యం బండిని వేరే దిక్కుకు తిప్పారు.

నాతో అజీజ్‌నగర్ అంతమ్మ ఇంటికి వచ్చిననాడు కృపాజ్యోతికి సంగతి తెలిసింది. ఫామ్‌హౌసుల తోటల్లో పనిచేసి నడుము పోగొట్టుకున్న మనిషి అంతమ్మ. పొయ్యి చల్లగా ఉంది. బియ్యమేవంటే, "నిండుకున్నయి బిడ్డా" అంది. కృపాజ్యోతి ఫోను చూసింది, ఖాళీ డబ్బా చూసింది, గడపలో కూలబడింది.

"మా అమ్మ గిట్లనే అంటుండె. నేనెట్ల మర్చిపోయిన అవ్వా?"

ఆ పూటకు తానే బియ్యం కొని తెచ్చింది. అలాంటి ఇళ్లు ఎన్నో, ఎన్నింటికని తెస్తుంది? ఆఫీసుకు మొరపెట్టుకుంటే, తెర మీద ఎరుపు కనిపిస్తేనే బండి తిరుగుతుందన్నారు. ఎవరి నోటిమాట మీదా బియ్యం కదలకూడదని, ఇల్లిల్లూ తిరిగేవాళ్లు నొక్కిందే లెక్కని ధనరాజ్ వంటివాళ్లకు భయపడి ఆమె పెట్టించిన కట్టుబాటే అది. ఇప్పుడు ఆమె నొక్కినా చెల్లదు. పోనీ ఫోనులో 'నిండు' అన్న మాట మార్చమంటే, అన్ని జిల్లాలకూ ఒకటే మాట, వచ్చే నెల చూద్దామన్నారు. పక్కింటి గంజి మీద బతికే అంతమ్మకు నెల ఎక్కడిది?

మమ్మల్ని కూర్చోబెట్టి 'లేవు' నొక్కమని బతిమాలింది. ఒక్క వేలూ కదల్లేదు. మంచంలో మనిషి ఉన్న ఇంటి మీద ఆ కీడు మాట ఎట్లా పెడతామని వసంతమ్మ లేచి వెళ్లిపోయింది. తక్కినవాళ్లు నా ముఖం చూశారు. మా ఇంట్లో పొయ్యి వెలగని దినాల్లో కూడా ఆ మాట నా నోట రాలేదు. అది కృపాజ్యోతికీ తెలుసు.

అయినా అందరూ పోయాక నా కాళ్ల దగ్గర కూర్చుని, ఫోను నా ఒడిలో పెట్టింది.

"నువ్వు నొక్కితే అందరు నొక్కుతరు అవ్వా. రేపు అంతమ్మ ఇంట్ల నిలవడి, అందరు వినేటట్టు నోరు తెరిచి అను, బియ్యం లేవని. ఆ పాపం నా మీద పడనీ."