అడగకముందే పెట్టే ఇల్లు

మైదుకూరులో బొంతలు కుట్టే సర్దార్ బీకి తన చేతి దూది మీద తప్ప లోకంలో దేనిమీదా నమ్మకం లేదు. పాలవాడు నీళ్లు కలుపుతాడు, కండక్టరు చిల్లర ఎగ్గొడతాడు, డాక్టరు లేని రోగం అంటగడతాడు. ఈ మూడూ ఆమె కళ్లారా చూసినవే గనుక ఎవరూ ఆమెతో వాదనకు దిగరు.

మనవరాలు రిజ్వానాకు నాలుగేళ్లు. మాట లేదు. పిలిస్తే పలకదు, ఎవరి ముఖంలోకీ చూడదు. సీసా మూతలు గిరగిరా తిప్పుకుంటూ కూర్చుంటే పొద్దు తెలియదు. కొడుకు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు, ఇంటికి రావడమే గగనం. అందుకని పిల్లను చంకనేసుకుని తిరిగింది అత్తాకోడళ్లే. తాయెత్తు కట్టినాయన బాగవుతుందన్నాడు. కర్నూలులో తలకు నూనె మర్దించే ఒకాయన ఏడాది తిరక్కుండా గలగలా మాట్లాడిస్తానన్నాడు. పసరు పోసినామె అయితే ఒట్టే పెట్టింది. ముగ్గురూ ముగ్గురే, నిలువునా ముంచారు. చివరికి కడపలో ఒక పిల్లల డాక్టరు ఇది ఆటిజమని చెప్పి, ఇలాంటి పిల్లలకు నేర్పించే సెంటరు ఒకటి చూపించాడు.

అక్కడ పిల్లను చూసేది నాగలత అనే అమ్మాయి. మొదటి రోజే ఆమె ఉన్నమాట చెప్పేసింది.

"పూరా నయమైపోతాదని నేను మాటియ్యను అవ్వా. ఇది జరమొచ్చినట్ల వచ్చి పోయేది గాదు. తనకేం గావాలో మనకు చెప్పుకునేట్ల చేద్దాం. ముందు అదొక్కటే."

తిరుగు బస్సులో సర్దార్ బీ కోడలిని మోచేత్తో పొడిచింది. "బాగు చెయ్యనని మొగం మీదనే చెప్పే మనిషిని యాడన్నా చూసినామా మ్మే? దీంట్లో ఏందో ఉండాది."

"బాగు చేస్తామన్నోళ్లను చూసినాం గదా అత్తా," అంది శిరీన్.

సర్దార్ బీ అనుమానం మాత్రం బస్సు దిగి ఆమెతోపాటే ఇంటికొచ్చింది.

నాగలత చెప్పిన పద్ధతి చూడబోతే చాలా చిన్నది. రిజ్వానాకు బొరుగుల ఉండలంటే ప్రాణం. అన్నం, పాలు ఎప్పటిలాగే పెట్టాలి. బొరుగుల ఉండ మాత్రం పిల్లకు కనబడేలా పట్టుకుని కాసేపు ఆగాలి. పిల్ల చెయ్యి చాపినా సరే, ముఖంలోకి చూసినా సరే, ఆ క్షణమే ఇచ్చేయాలి. ఏడిపించకూడదు. ఇంట్లో అందరూ ఇలాగే చేయాలి.

చెయ్యి చాపడమనే మాట చెవిన పడగానే సర్దార్ బీకి ఒళ్లు మండింది. చిన్నప్పుడు కరువు ఏళ్లలో తల్లి ఆమె చేతికి గిన్నె ఇచ్చి గంజి కోసం ఇంటింటికీ పంపేది. వాకిట్లో చెయ్యి చాపి నిలబడితే లోపలివాళ్లు వినబడనట్టు పని చేసుకునేవాళ్లు. ఆ సిగ్గు ఆమెను ముసలితనం దాకా వదల్లేదు. తన ఇంట్లో ఏ బిడ్డా అడిగి తినకూడదన్నది ఆమె పంతం. పిల్ల కన్ను ఎటు తిరిగితే అది పిల్ల చేతిలో ఉండాల్సిందే. ఈ విద్యలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు.

"నా మనవరాలికి అడుక్కునేది నేర్పిస్తాదంట, అడుక్కునేది!" అని బొంతను సూదితో కసిగా పొడిచింది.

ఆ రోజు నుంచి ఆమె కొంగు చివర ఎప్పుడూ ఒక ముడి, ముడిలో ఒక బొరుగుల ఉండ. శిరీన్ వంటింట్లో ఉండ పట్టుకుని ఎంతసేపు నిలబడినా పిల్ల అటు తిరిగేదే కాదు. నెల గడిచింది, ఫలితం సున్నా. "చూస్తివా? అంతా దగా," అని అత్త ఎత్తిపొడిచింది. శిరీన్‌కు వేరే అనుమానం పుట్టింది. పిల్లకు ఎవరో చాటుగా పెడుతున్నారు. పక్కింటి యశోదే అయ్యుంటుందని పోయి నానా మాటలు అనేసింది. యశోద ఏడ్చి తలుపేసుకుంది. సర్దార్ బీ దొంగకు తేలు కుట్టినట్టు దూది ఏకుతూ కూర్చుంది. ఎంత ప్రేమ ఉంటేనేం, ఆ రోజు ఆమె చేసింది పాపమే.

పైగా నాగలత మీద అనుమానం ముదిరింది. లోపల పిల్లను కొడుతోందేమో? మరుసటి వారం సెంటరుకు పోయినప్పుడు గదిలోకి తానూ వస్తానని పట్టుబట్టింది.

"రా అవ్వా, కూర్చో. ఈ తలుపు నేనెప్పుడన్నా మూసినానా?" అంది నాగలత.

సర్దార్ బీ చాప మీద కూర్చుందో లేదో, రిజ్వానా నేరుగా వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. చకచకా ముడి విప్పింది. బొరుగుల ఉండ తీసుకుని మూల వైపు తిరిగి తినడం మొదలెట్టింది.

"నువ్వా అత్తా?" తలుపు దగ్గరున్న శిరీన్ ముందుకొచ్చింది. "యశోదక్కను అన్ని మాటలంటాంటే పక్కనే కుచ్చోనుంటివే!"

"పెడితే ఏమాయ? నా బిడ్డ ఎవురి ముందరా చెయ్యి చాపదు!"

నాగలత కోప్పడలేదు. "నువ్వుండేదాకా సరే అవ్వా. నువ్వు లేనినాడు ఈ పిల్లకు ఆకలయితే ఎవురికి తెలుస్తాది?"

సర్దార్ బీ మూలన తింటున్న మనవరాలిని చూసింది. ముడి విప్పేటప్పుడు పిల్ల ఒక్కసారైనా తలెత్తలేదు. ఇన్నాళ్లూ పెట్టిన చేతిని ఎరుగునేమో గానీ ఆ చెయ్యి ఎవరిదో పిల్లకు అక్కర్లేకపోయింది.

మరునాడు ముందు యశోద గడప తొక్కి తప్పు ఒప్పుకుని వచ్చింది. తర్వాత కోడలికి గట్టిగా చెప్పింది. "ఆయమ్మ చెప్పినట్లే చేసి చూస్తా. అబద్ధమని తేలితే మాత్రం జుట్టు పట్టుకుంటా."

కుట్టే బొంత మీదే కూర్చుని, ఉండను తన ముఖం దగ్గరగా పట్టుకుంది. రిజ్వానా వచ్చి కొంగు తడిమింది. ముడి లేదు. కొంగు లాగింది, గునిసింది, మణికట్టు పట్టుకుని గుంజింది. సర్దార్ బీ చెయ్యి ఇచ్చేయడానికి దానంతటదే ముందుకు పోబోయింది. పళ్లు బిగించి ఆపుకుంది. గుమ్మంలో నిలబడి శిరీన్ చూస్తోంది.

పిల్ల మణికట్టు వదిలింది. చిన్న అరచెయ్యి తెరిచి చాపింది. చాపి, తలెత్తి, అవ్వ కళ్లలోకి చూసింది.

ఆ కళ్లు తేనె రంగువని సర్దార్ బీకి ఇన్నేళ్లూ తెలియదు. వాటినే చూస్తూ ఉండిపోయింది. చేతిలో ఉండ చేతిలోనే ఉంది.

"ఇయ్యి అత్తా!" శిరీన్ కేకేసింది. "అడిగింది గదా, ఇయ్యి!"