మూతను నమ్మని మనిషి

మూసి ఉన్న దేన్నీ మా మూతలాయన నమ్మడు. నూనె కర్మాగారంలో ట్యాంకులు ఖాళీ చేయించడం ఆయన పని. అక్కడి క్యాంటీన్ నాది. నేను రెండో తరగతి దాటలేదు గానీ మనిషి మొహం చూస్తే చదివేస్తాను. ఈయన మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

నా వంటగదిలో నూనె డబ్బాకు ఒక చిల్లు పెడితే, రెండోది పెట్టేదాకా కదలడు. ఓసారి ఇంటికి భోజనానికి పిలిచి చేతులు కడుక్కోమంటే, కుళాయి తిప్పకుండా మేడెక్కి నీళ్ల ట్యాంకు మూత తీసి చూసొచ్చాడు. అన్నం చల్లారిపోయింది. ఇదేం చాదస్తమని అడిగాను.

"లోపలిది బయటికి పోతుంటే ఆ చోట్లోకి గాలి రావాలక్కా. దారి లేకపోతే బయటి గాలి నొక్కేస్తుంది. ఇనప ట్యాంకైనా కాగితం ఉండలా నలిగిపోతుంది."

"గాలికి అంత బలముంటే నీ బుర్రలోకి కాస్త దూరొచ్చుగా," అన్నాను. నవ్వి, చల్లారిన అన్నం కలుపుకున్నాడు.

ట్యాంకు ఖాళీ చేసే ప్రతిసారీ నిచ్చెనెక్కి, పైనున్న గాలి గొట్టంలో చెయ్యి పెట్టి చూడందే పంపు వేయనివ్వడు. నిన్న చూశావుగా అంటే, నిన్నటి గొట్టం వేరంటాడు.

మొన్నామధ్య ఒక ట్యాంకుకు మా తమ్ముడు రంగు వేశాడు. రెండు చోట్ల పని పోగొట్టుకుని, నా పూచీ మీద ఇక్కడ చేరినవాడు. మర్నాడు పొద్దున్నే అందులో నూనె నింపుకోవడానికి లారీ వచ్చి నిలబడింది. మూతలాయన పైకెళ్లి ఎంతకీ రాలేదు. దిగేటప్పుడు చూస్తే, ఎక్కినప్పుడు లేని పొట్ట ఉంది. ఆలస్యమేమిటని మేనేజరు అడిగితే పిట్టగూడు తీశానన్నాడు. గూడైతే చొక్కాలో దాచడమెందుకు? దొంగ దొరికాడనుకుని క్యాంటీన్ వెనక నిలదీశాను.

"చొక్కాలోది తియ్యి."

"పెద్దదానివి, వదిలెయ్యక్కా."

నేను వదిలే రకమా? లాగితే ప్లాస్టిక్ కవరు, తాడు బయటపడ్డాయి. రెండింటి మీదా మా తమ్ముడి ఆకుపచ్చ వేలిముద్రలు. గొట్టంలో రంగు పడకుండా కట్టి, విప్పడం మరిచిపోయాడు దద్దమ్మ. అలాగే పంపు వేసి ఉంటే ట్యాంకు నలిగేది, వాడి పనీ పోయేది.

"మేనేజరుతో ఎందుకు చెప్పలేదు?" గొంతు తగ్గించి అడిగాను.

"ట్యాంకుకేం కాలేదుగా. వాడికి నేను చెప్పుకుంటాలే, నువ్వు తిట్టకు. ముడి మాత్రం గట్టిగా వేశాడు, విప్పలేక చచ్చాను."

ఆయన చెప్పడమంటే వాణ్ణి కూడా నిచ్చెనెక్కించడమేనట. ఇప్పుడు రోజూ ఇద్దరూ ఎక్కుతున్నారు. ఒకరు చూసింది ఇంకొకరు నమ్మరు. కింద లారీ డ్రైవరు రెండో టీ తాగుతూ, ఇంకెంతసేపని గొణుగుతాడు.

"ఇంకోసారి చూడనియ్యి నాయనా, నీకేం తొందర," అంటాను నేను.