అందరూ కూర్చున్నాకే

మా అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. ఎక్కినవాళ్ళంతా కూర్చునేదాకా, సీటు దొరకనివాళ్ళు కడ్డీ పట్టుకునేదాకా బండి కదపడు. వెనకనుంచి హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగినా అద్దంలో చూస్తూ ఉంటాడు. డిపోలో ఆయనకు 'నిదానం' అని పేరు పెట్టారు. ఆ బస్సెక్కితే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా అంత మంచివాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాట ఆయన ముందు మాత్రం అనను.

అన్నయ్యవాళ్ళు ఇల్లు మారినప్పుడు వాళ్ళమ్మాయి, మా మేనకోడలు, స్నేహితురాళ్ళందరినీ పాత వీధిలో వదిలేసి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. కొత్తచోట నోరు విప్పడం మానేసింది. సాయంత్రమైతే కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు కొరుక్కోవడమే పని. చూడలేక వదిన, చర్చిలో శనివారాలు జరిగే ఆడపిల్లల కూటానికి పంపుదామంది. పాటలు, ఆటలు, బైబిలు పాఠం, అందరూ ఈ వయసువాళ్ళే.

"గుమ్మం దాకా దింపి వచ్చెయ్యండి. మీరు మాత్రం కల్పించుకోకండి," అని అన్నయ్యకు మరీ మరీ చెప్పింది.

విన్నాడా? హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి, ఒక్కటీ ఖాళీ లేదు. పిల్ల బిక్కమొహం వేసుకుని మధ్యలో నిలబడింది. కూటం నడిపే అక్క పక్కగదిలోంచి కుర్చీ తెచ్చేలోపే గుమ్మంలోంచి మా అన్నయ్య గొంతు ఖంగుమంది.

"కాస్త లోపలికి జరగండమ్మా! సర్దుకోండి! ఇంకొకరు కూర్చోవాలి!"

హాలంతా గొల్లుమంది.

ఇంటికొచ్చి పిల్ల మంచం మీద బోర్లా పడి ఏడ్చింది. "చచ్చినా మళ్ళీ వెళ్ళను నాన్నా. అందరూ నవ్వారు."

అన్నయ్యకు ముద్ద దిగలేదు. "దానికి తోడు వెతకబోయి ఉన్న ఒక్క దారీ మూసేశానే," అన్నాడు నాతో. నోటిదాకా వచ్చిన వెటకారం మింగేశాను. పాపం, మనిషి అంతలా నలిగిపోయాడు.

వారమంతా కూతుర్ని బతిమాలాడు. "ఇంకొక్కసారి వెళ్ళు తల్లీ. నేను సందు చివరే ఆగిపోతా. నచ్చకపోతే నేనే మాన్పిస్తా, ఒట్టు."

వెళ్ళింది. ఈయన సందు చివర కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అక్కడ లోపల, మా పిల్ల అడుగుపెట్టగానే ఒక గడుగ్గాయి లేచి, "కాస్త లోపలికి జరగండమ్మా!" అని అచ్చం మా అన్నయ్యలాగే అరిచి, తన కుర్చీలో సగం చోటిచ్చిందట. కోపం రాబోయి నవ్వొచ్చిందట మా పిల్లకి. ఇంటికొచ్చి ఆ సంగతి పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

మొన్న శనివారం దాన్ని దింపడానికి నేనూ వెళ్ళాను. అది లోపలికి వెళ్ళాక, ఈసారి నేనే అన్నయ్యను హాలు కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాను. కొత్త పిల్ల ఒకతె గోడకు అతుక్కుని నిలబడి ఉంది. అక్క చూసుకోలేదు, గిటారు అందుకుంది. పాట ఎత్తుకోబోతుంటే మా మేనకోడలు లేచింది.

"ఆగక్కా, ఆ అమ్మాయి ఇంకా కూర్చోలేదు."

గిటారు ఆగింది. తన కుర్చీ పక్కనే ఇంకో కుర్చీ వేసి, కొత్త పిల్ల కుదురుగా కూర్చునేదాకా నిలబడే ఉంది. అప్పుడు అక్కవైపు చూసి తలూపింది. పాట మొదలైంది.

అన్నయ్య చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక పోదాం పద," అన్నాడు. ఆయన నోట ఆ మాట నాకంటే ముందు రావడం అదే మొదటిసారి.