పెదనాన్న రక్తం, నాన్న ఆపరేషన్

ఈ రోజు రాజమండ్రిలో మా నాన్నకు కాలేయం క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. రక్తం సిద్ధంగా ఉంచుకోమని డాక్టరు గారు ముందే చెప్పారు. పొద్దున్నే పెద్దాపురం నుంచి మా పెదనాన్న, అంటే నాన్న తోడల్లుడు, ఎవరూ పిలవకుండానే వచ్చి రక్తం ఇచ్చేశాడు. పెదనాన్న వాళ్లింట్లో ఏదో పెళ్లిలో తనను రెండో బంతిలో కూర్చోబెట్టారని నాన్న ఆయనతో మాటలు మానేసి చాలా ఏళ్లయింది.

"ఇక నా రక్తమే ఒంట్లో తిరుగుతుంటే మాట్లాడక ఎక్కడికి పోతాడండీ!" అని పెదనాన్న వరండాలో కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. అమ్మ మాత్రం ఆపరేషన్ థియేటర్ తలుపు మీంచి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నం డాక్టరు గారు బయటికొచ్చారు. "గడ్డ మొత్తం తీసేశామండి. రక్తం పెద్దగా పోలేదు, ఎక్కించే పని పడలేదు. ఈ ఆపరేషన్‌లో ఎక్కించకుండా గడిస్తేనే మంచిదండి."

అమ్మ ఏడుస్తూ దండం పెట్టింది. పెదనాన్న మొహం వాడిపోయింది.

"ఒక్క చుక్కన్నా ఎక్కించలేదాండీ?"

"మీ రక్తం ఇంకొకరికి ఉపయోగపడుతుంది లెండి."

సాయంత్రం నాన్నకు తెలివొచ్చాక నన్ను లోపలికి పంపారు. పెదనాన్న సంగతి చెప్పాను. నాన్న నీరసంగా కళ్లు తెరిచాడు.

"ఆయనగారి రక్తం నాకేమన్నా ఎక్కించారేంటి?"

"లేదు నాన్నా."

"అయితే రమ్మను. మాట్లాడతాను."

ఇప్పుడు ఇద్దరూ లోపల మాట్లాడుకుంటున్నారు. నాన్న మొదట ఏమడిగాడో పెదనాన్నకు చెప్పమంటారా, వద్దంటారా?